రాకెట్ టికెట్ ఎంత, తాతయ్యా?

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మన విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వాళ్ళ రాకెట్‌లో అంతరిక్షం అంచుదాకా వెళ్ళొచ్చారని చెప్పిన దగ్గర్నుంచి మీది ఒకటే ప్రశ్న: "తాతయ్యా, టికెట్ ఎంత? మనమెప్పుడు వెళ్తాం?" ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు ఆర్టీసీ డిపోలో లెక్కలు రాసినవాణ్ణి. రాత్రి చివరి సర్వీసు కండక్టరు వచ్చి తోలుసంచి నా బల్ల మీద బోర్లిస్తే, చిల్లర దొంతులుగా పేర్చి లెక్కపెట్టేవాళ్ళం. రిపేరుకొచ్చి షెడ్డులో నిలబడ్డ బస్సుకు ఆ సంచే ఉండదు. జీతాలూ అప్పు మీద వడ్డీ మాత్రం ఆగవు. రాకెట్ వ్యాపారమూ సరిగ్గా అక్కడే చిక్కుకుంది.

వర్జిన్ గెలాక్టిక్ అనే మరో కంపెనీ వాళ్ళ 'యూనిటీ' అనే రాకెట్ విమానాన్నే చూడండి. పెద్ద విమానమొకటి దాన్ని మోసుకెళ్ళి సుమారు 45 వేల అడుగుల ఎత్తులో వదిలేది. అప్పుడు దాని రాకెట్ ఒక్క నిమిషం మండితే చాలు, 80 కిలోమీటర్లు దాటేది. లోపలివాళ్ళు కొన్ని నిమిషాలు బరువు లేకుండా తేలేవాళ్ళు. తర్వాత అది గ్లైడర్‌లా రన్‌వే మీద దిగేది. వాహనం మళ్ళీ పనికొచ్చేదే, కానీ కాలిపోయిన మోటారు తీసి ప్రతిసారీ కొత్తది బిగించాలి. 2023 జూన్ నుంచి 2024 జూన్ దాకా డబ్బు తీసుకుని తిప్పిన ట్రిప్పులు ఏడే ఏడు! 2021లో టికెట్ ధర నాలుగున్నర లక్షల డాలర్లకు పెంచారు, అంటే మన లెక్కలో మూడు కోట్ల పైమాటే. అయినా 2023లో ఆ కంపెనీ ఆదాయం 70 లక్షల డాలర్ల లోపు, నష్టం 50 కోట్ల డాలర్ల పైన. కొత్త వాహనాల తయారీ ఖర్చు కూడా అందులో ఉందనుకోండి. ఎలా చూసినా టికెట్ పెంచితే పూడే గొయ్యి కాదది, ట్రిప్పులు పెరగాలి. అందుకే యూనిటీని ఆపేసి, ఆరుగురిని ఎక్కించుకుని నెలకు ఎనిమిది సార్లదాకా తిరిగే 'డెల్టా' వాహనాలు కట్టే పనిలో పడ్డారు.

తొందరపడితేనో? 2014 అక్టోబర్ 31న వాళ్ళ మొదటి వాహనం పరీక్షలో గాల్లోనే ముక్కలై ఒక పైలట్ చనిపోయాడు. తర్వాతి వాహనం అంతరిక్షం అంచు తాకేసరికి 2018 డిసెంబర్ వచ్చింది.

నాకైతే ఆశంతా పని మీద వెళ్ళేవాళ్ళ మీదే. సరదాకి ఒకసారి వెళ్ళినవాళ్ళు రెండోసారి కొనకపోవచ్చు, పరిశోధన చేసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు. 2021 జూలై 11న మన గుంటూరు అమ్మాయి బండ్ల శిరీష యూనిటీలో వెళ్ళినప్పుడు చేతిలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ చిన్న మొక్కలున్న గొట్టాలున్నాయి. బరువు పోయినప్పుడు మొక్కలో ఏం మారుతుందో చూడటానికి. డబ్బు తీసుకుని నడిపిన మొదటి ట్రిప్పులోనూ ఇటలీ వైమానిక దళం, పరిశోధన మండలి మనుషులే వెళ్ళారు.

మీరు వెళ్ళేది ఎప్పుడో నేను చెప్పలేను కానీ, ఎక్కడ చూడాలో చెప్తాను. ఈసారి రాకెట్ వీడియో చూసినప్పుడు, అదే వాహనం అంతకుముందు ఎప్పుడు ఎగిరిందో వెతకండి. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో లెక్కేసి, ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి. నా నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

మీ తాతయ్య