నీలం లేజర్: మా ఫీల్డ్‌లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, నిమజ్జనాలకీ, తిరునాళ్లకీ రంగుల వెలుగు వేసే లేజర్ మిషన్లు కట్టే పని నాది. ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చిన పిలకాయలు ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే: "అన్నా, 445 తీసుకోమంటావా, 473 తీసుకోమంటావా?" ఆ అంకెలు నానోమీటర్లు, అంటే తరంగదైర్ఘ్యం. అంకె తగ్గేకొద్దీ నీలం ఊదా వైపు జరుగుతుంది, పెరిగేకొద్దీ ఆకాశనీలం వైపు. వీటి మీద వినపడే మాటలు కొన్ని నవ్వు తెప్పిస్తాయి, కొన్ని భయపెడతాయి.

అపోహ: ఎక్కువ వెలుగు కనపడే నీలమే రంగులు కలపడానికి మంచిది.

వెలుగు సంగతి నిజమే. ఒకే పవర్‌తో ఒకే గోడ మీద వేస్తే 473 మన కంటికి 445 కంటే మూడింతల పైనే వెలుగ్గా కనపడుతుంది. కానీ కలపడం వేరే లెక్క. మిషన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్లని రకరకాల పాళ్లలో కలిపే తెలుపూ మిగతా రంగులూ తెప్పిస్తాం. 638 ఎరుపు, 520 ఆకుపచ్చ ఉన్న మిషన్‌లో ఎరుపు 500 మిల్లీవాట్లు అనుకోండి. 445తో మంచి తెలుపు రావాలంటే ఆకుపచ్చ సుమారు 350, నీలం 200 చాలు. అదే 473 అయితే నీలం 290 దాకా పోయాలి. కంట్లో నీలాన్ని పట్టే కణాలు 445 దగ్గర బాగా స్పందిస్తాయి, అందుకే తక్కువతో పని జరుగుతుంది. మన చేపల పులుసులో మెంతిపొడి లాంటిది 445. వేసినట్టు కనపడదు, చిటికెడు ఎక్కువైతే మాత్రం పులుసంతా చేదు.

మరి 473 దండగా? కాదు. మొన్నామధ్య ఒంగోల్లో ఒక రిసెప్షన్. పెళ్లికూతురిది వెంకటగిరి చీర, నెమలికంఠం రంగు, అంచు వంగపండు రంగు. స్టేజి వెనక గోడ మీద పేర్లు ఆ రెండు రంగుల్లోనే రావాలని వాళ్లమ్మగారి కోరిక. నా దగ్గరున్నది 445. వంగపండు రంగు క్షణంలో కుదిరింది, ఎరుపు కాస్త కలిపితే చాలు. నెమలికంఠమే ఏడిపించింది. ఆకుపచ్చ పెంచితే చిలకపచ్చ, తగ్గిస్తే నీలం. మధ్యలో కుదిరినా కొంచెం వెలిసిన చీరలాగే ఉంది. ఆవిడ చీర చెంగు తెచ్చి గోడకి ఆనించి చూసి, "ఉతికిన తర్వాత రంగులాగుంది నాయనా" అంది. సరిగ్గా అదే. ఆకుపచ్చ, నీలం కలిసే ఆ పట్టీలో 473, 488 లాంటివి చిక్కటి రంగునిస్తాయి. అదే 473తో చిక్కటి ఊదా కావాలంటే ఎంత ఎరుపు పోసినా రాదు. మీ పార్టీలు అడిగే రంగులేంటో చూసుకుని ఎంచుకోవాలి. మన వైపు ఊదా, రాణి కలర్లే ఎక్కువ అడుగుతారు.

అపోహ: డబ్బా మీద వాట్లు ఎక్కువుంటే మిషన్ పవర్‌ఫుల్.

ఒక "3 వాట్ల" మిషన్ విప్పి చూశా. ఎరుపు అర వాటు, ఆకుపచ్చ అర వాటు, మిగతా రెండు వాట్లూ నీలమే. 445 డయోడ్ (లేజర్ కాంతి పుట్టించే చిన్న ముక్క) చవక కాబట్టి దాంతో లెక్క నింపేశారు. మూడూ ఫుల్లుగా వేస్తే కంటికి తగిలే వెలుగులో ఆ రెండు వాట్ల వాటా ఎనిమిదో వంతు కూడా ఉండదు. తెలుపుకి అక్కరకొచ్చేది 200 మిల్లీవాట్లే. వాట్లు అడగొద్దు, రంగు వారీగా అడగండి.

అపోహ: ఎండాకాలంలో తెలుపు నీలంగా మారితే నీలం డయోడ్ పాడైనట్టు.

నీలం బాగానే ఉంటుంది, పడిపోయేది ఎరుపు. ఎర్ర డయోడ్‌కి వేడి అసలు పడదు, పవర్ తగ్గిపోతుంది. మే నెలలో నెల్లూరు రాత్రి, రేకుల షెడ్డు కింద జనరేటర్ పక్కన మిషన్ పెట్టి గంట నడిపితే తెలుపు చల్లారిపోయి నీలిపచ్చగా దిగుతుంది. నీలం స్లైడర్ తగ్గించొద్దు, ముందు ఫ్యాన్ దుమ్ము దులపండి. పాత పద్ధతి 473 మిషన్లు ఇంకా పెంకివి. వాటిలో కంటికి కనపడని 946 నానోమీటర్ల పరారుణ కాంతి తరంగదైర్ఘ్యాన్ని స్ఫటికంతో సగం చేసి నీలం పుట్టిస్తారు, వేడి మారితే పవర్ ఊగుతుంది. మన ఎండలకి డయోడే నయం.

అపోహ: నీలం గీత మసగ్గా ఉందంటే లెన్సు తేడా.

కొంత నిజం. 445 డయోడ్ చుక్క గుండ్రంగా కాకుండా అడ్డపట్టీలా వస్తుంది. మిగతా తప్పు మన కంటిది. కంటి కటకం నీలాన్ని ఎక్కువగా వంచుతుంది, బొమ్మ రెటీనాకి ముందే పడుతుంది. చీకట్లో కంటిపాప పెద్దదై ఇంకాస్త చెదురుతుంది. మా హెల్పర్ మైనస్ ఒకటి పవర్ కళ్లజోడు నేను పెట్టుకుని చూస్తే, హాలు చివరి నుంచి కూడా నీలం గీత ఠక్కున తేటపడింది. ఎర్రగీత చెదిరింది. లెన్సు మార్చమని గొడవకొచ్చిన ఓనరుకి కూడా అదే కళ్లజోడు ఇచ్చా.

405ని నీలం అని అమ్మేవాళ్లున్నారు. అది ఊదా, కంటికి దాదాపు కనపడదు. సబ్బుపొడిలో తెలుపు కోసం కలిపే రసాయనం దానికి మెరుస్తుంది కాబట్టి తెల్ల పంచె మీద నీలంగా కనపడి మోసం చేస్తుంది. సున్నపు గోడ మీద వేసి చూడండి, తెలిసిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ: "నీలం మసక కదన్నా, జనం మీద తిప్పినా ఏం కాదు." అర వాటు దాటిందంటే నాలుగో తరగతి లేజర్, అంటే అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి. మసగ్గా కనపడటం వల్ల కన్ను త్వరగా మూయం, లోపలికి పోయే శక్తి మాత్రం అంతే. పైగా కాంతి వల్ల రెటీనాలో జరిగే రసాయన నష్టం 440 చుట్టుపక్కలే ఎక్కువ. అమెరికా నియమాల్లో జనం నిలబడే నేల నుంచి కనీసం 3 మీటర్ల పైన కిరణం ఉండాలంటారు. నేను ట్రస్ (మిషన్లు బిగించే ఇనప చట్రం) ఇంకా పైకే కడతా. నిమజ్జనంలో పిలకాయలు భుజాలెక్కి గెంతుతుంటారు కదా. ఫోన్ కెమెరా సెన్సార్లు కాలడం అయితే ఎన్నిసార్లు చూశానో.

ఇక నాది ఏమిటంటే, ఇప్పటికి 445ఏ. 465 డయోడ్ ఒకటి పక్కన చేర్చి నెమలికంఠం సంగతి తేల్చాలని ఉంది. కానీ ఈ సీజన్ డబ్బులు ముందు ఎరుపు పెంచడానికే పోతాయి.