వెలుగు తక్కువే కానీ దూరం ముందు తేలింది దీనిదే: 61 సిగ్ని

హంస మండలంలో డెనెబ్ అని ఒక నక్షత్రం ఉంది, సిటీ లైట్లలో కూడా ఇట్టే కనబడిపోతుంది. అదే మండలంలో, దానికి కాస్త పక్కనే 61 సిగ్ని ఉంటుంది, ఎక్కడుందో చెప్పినా సరే ఓ పట్టాన దొరకదు. నిజానికి అది ఒకటి కాదు, రెండు. ఈ జంటలో కాస్త ప్రకాశంగా ఉన్నదాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) 5.2, రెండోది 6 చిల్లర, అంటే బాగా చీకటిగా ఉండే చోట మామూలు కంటికి అందే హద్దుకి దగ్గర్లో ఉన్నాయన్నమాట. కానీ తమాషా ఏంటంటే దేదీప్యమానంగా వెలిగే ఆ డెనెబ్ మనకి వెయ్యి కాంతి సంవత్సరాల పైనే దూరం, కనీకనబడని ఈ జంట మాత్రం 11.4 కాంతి సంవత్సరాలే.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేశారు. బాగా వెలిగేది దగ్గరున్నట్టు, మసగ్గా ఉండేది దూరంగా ఉన్నట్టు అనుకోవడం సహజమే కదా, అందుకే నక్షత్రాల దూరం కొలవాలనుకున్నవాళ్ళు తరతరాలుగా బాగా వెలిగే నక్షత్రాల వెంటే పడ్డారు. పద్ధతి మాత్రం అందరికీ తెలిసిందే: చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూస్తే వేలు పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది చూడండి, అలాగే భూమి ఆర్నెల్లకి సూర్యుడికి ఇటు నుంచి అటు చేరుతుంది, దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు, ఆ రెండు చోట్ల నుంచీ చూస్తే దగ్గర నక్షత్రం దూరపువాటి ముందు కాస్త జరిగినట్టు కనబడాలి. దాన్నే పారలాక్స్ అంటారు. కనబడాలి సరే, ఎవరికీ నికరంగా దొరకలేదు.

పియాజీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనిపెట్టింది కూడా ఈయనే, 61 సిగ్ని ఏటేటా చోటు మారుతోందని 1804లో గమనించి దానికి ఎగిరే నక్షత్రం అని పేరు పెట్టాడు. ఏడాదికి 5.2 ఆర్క్ సెకండ్లు. ఒక డిగ్రీని 3600 ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఆర్క్ సెకండ్, కాబట్టి ఆకాశంలో చందమామ వెడల్పంత జరగడానికి దీనికి 350 ఏళ్ళ పైనే పడుతుంది, ఎగరడం అంటే ఇదా అనిపిస్తుంది గానీ నక్షత్రాల్లో ఇది నిజంగానే పరుగు. ఇంత జోరుగా కదులుతోందంటే దగ్గర్లోనే ఉండి ఉండాలి, అసలు కిటుకంతా ఇదే.

జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ ఈ కిటుకునే నమ్ముకున్నాడు. 14 ఏళ్ళకే బడి మానేసి వ్యాపార సంస్థలో అప్రెంటిస్‌గా చేరిన మనిషి ఆయన. కోనిగ్స్‌బర్గ్ అబ్జర్వేటరీలో (ఆ ఊరు ఇప్పుడు రష్యాలోని కాలినిన్‌గ్రాడ్) ఆయన దగ్గర ఫ్రాన్‌హోఫర్ వర్క్‌షాప్‌లో తయారైన హీలియోమీటర్ ఉండేది, అంటే ముందున్న పెద్ద లెన్స్‌ని నిలువునా రెండుగా కోసి, ఆ సగాలు స్క్రూ తిప్పితే ఒకదాని పక్కన ఒకటి జరిగేలా బిగించిన టెలిస్కోప్. ఒక్కో సగం ఒక్కో బొమ్మ చూపిస్తుంది. స్క్రూ తిప్పుతూ ఒక సగంలోని చిన్న పోలిక నక్షత్రాన్ని (జరగడం పోల్చి చూడ్డానికి పక్కన ఎంచుకున్న దూరపు నక్షత్రం) రెండో సగంలోని 61 సిగ్ని జంటకి సరిగ్గా నడిమధ్యకి తెచ్చి, స్క్రూ ఎంత తిరిగిందో రాసుకోవడం. జంట కావడం ఇక్కడ అడ్డం కాలేదు సరికదా పనికొచ్చింది, ఎందుకంటే ఒక చుక్క మీద ఇంకో చుక్కని పెట్టడం కన్నా రెండింటి మధ్య పెట్టడం కంటికి తేలిక. ఇలా రాత్రికి మామూలుగా 16 సార్లు, 1837 ఆగస్టు నుంచి ఏడాది పైగా చేశాడు, నాకైతే ఆ ఓపికే నమ్మశక్యంగా ఉండదు.

1838 చివర్లో లెక్క తేల్చాడు: పారలాక్స్ 0.314 ఆర్క్ సెకండ్లు, దూరం 10.3 కాంతి సంవత్సరాలు. ఇప్పటి కొలత 0.286, అంటే చేత్తో స్క్రూ తిప్పి కొలిచినాయన పది శాతం తేడాతో కొట్టేశాడు. అభిజిత్ అని మనం పిలిచే వేగా నక్షత్రం మీద స్ట్రూవే, ఆల్ఫా సెంటారి నక్షత్రం మీద హెండర్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు అదే సమయంలో ఇదే లెక్క కోసం పనిచేస్తున్నారు, హెండర్సన్ పరిశీలనలైతే బెసెల్ కన్నా ముందువే, కాకపోతే ఆయన ప్రకటించింది 1839లో.

ఇక ఆ రెండు నక్షత్రాల సంగతికొస్తే, రెండూ నారింజ రంగువి, సూర్యుడి కన్నా చిన్నవి, చల్లనివి. పెద్దది సూర్యుడు ఇచ్చే వెలుగులో 15 శాతం ఇస్తుంది, చిన్నది పదో వంతు కూడా ఇవ్వదు, పక్కనే ఉన్నా మసగ్గా కనబడేది అందుకే. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి ఆరువందల ఏళ్ళ పైనే పడుతుంది. ఆకాశంలో వాటి మధ్య ఎడం 30 ఆర్క్ సెకండ్ల పైచిలుకే, మామూలు కంటికి విడిపోవు గానీ మంచి బైనాక్యులర్స్‌ని స్టాండ్‌కి బిగించి చూస్తే రెండుగా తేలతాయి, చిన్న టెలిస్కోప్ ఉంటే రంగుతో సహా.

1942లో స్ట్రాండ్ అనే ఆయన ఈ జంట కదలికలో చిన్న ఊగిసలాట ఉందని, అక్కడ కంటికి కనబడని గ్రహం లాంటిదేదో ఉండి లాగుతోందని ప్రకటిస్తే అప్పట్లో బాగానే సంచలనమైంది. తర్వాత ఇంకా నిశితంగా కొలిచి చూస్తే ఆ ఊగిసలాట నిలబడలేదు. ఇప్పటిదాకా ఈ రెండింటి చుట్టూ ఒక్క గ్రహం కూడా ఖరారు కాలేదు.