పర్లాకిమిడి ఏటి మీద అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్రా హద్దు పక్కనున్న పర్లాకిమిడిలో పిల్లలకు భూగోళం చెబుతాను. మా ఏరు మహేంద్రతనయ గురించి తరగతిలోనూ, టీ కొట్టు దగ్గరా తరచూ వినే మాటలివి.

అపోహ: మన ఏరు బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

వాస్తవం: బారువకు పోయేది వేరే మహేంద్రతనయ. మహేంద్రగిరి కొండల్లో పుట్టిన రెండు నదులకు ఇదే పేరు. ఒకటి తూర్పుకు దిగి, సోంపేట వైపు పోయి, బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. మన ఊరి పక్కన పారేది పాతపట్నం ప్రాంతం మీదుగా పోయి, గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధారలో కలుస్తుంది. ఆపైన వంశధార దారే దానిదీ, అంటే కళింగపట్నం దాకా. బారువకీ కళింగపట్నానికీ మధ్య 70 కిలోమీటర్ల పైనే దూరం! పిల్లలు ప్రాజెక్టుల్లో రెండిటినీ కలిపి రాసుకొస్తారు. వాళ్లను తిట్టి లాభం లేదు, పేరు పెట్టినవాళ్లను అనాలి. అనుమానముంటే మ్యాపులో వంశధార సంగమం దగ్గర వేలు పెట్టి, నీటి గీత వెంబడే ఎగువకు రండి. మధ్యలో కొండ దాటితే తప్ప రెండో నది తగలదు.

అపోహ: ఏరే రెండు రాష్ట్రాల హద్దు.

వాస్తవం: వంశధార కొంతమేర హద్దుగా నడుస్తుంది గానీ, మన ఏరు హద్దు దాటి పోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని చీల్చి, పట్నాన్ని అటు కలిపారు, పాతపట్నం వైపు మద్రాసులోనే ఉండిపోయింది. ఏ గెడ్డ (వాగు) ఎటు పారుతుందో చూసి గీసిన గీత కాదది.

అపోహ: వేసవిలో ఎండితే ఏరు చచ్చినట్టే.

వాస్తవం: ఇసుక కింద నీరు కదులుతూనే ఉంటుంది. చెలమలో ఊరేది అదే. ఇసుక తోడేస్తే ఒడ్డు బావులు కూడా అడుగంటుతాయి.

అపోహ: తుపాను టెన్షన్ తీరంవాళ్లకే, మనకు కొండలు అడ్డం.

వాస్తవం: ఆ కొండల వల్లే మనకు ముప్పు. సముద్రం నుంచి వచ్చే తడిగాలి వాటికి తగిలి పైకి లేచి, చల్లబడి, కుండపోతగా కురుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర్లో తీరం దాటింది. గజపతి జిల్లాలో గెడ్డలు పొంగాయి, బరఘరలో కొండచరియలు విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. మనది నిట్టవాలు కొండల ఏరు. పైన కురిసిన వాన గంటల్లోనే కిందికి వచ్చేస్తుంది, మన వీధిలో చినుకు లేకపోయినా సరే. ఒడ్డున ప్లాటు కొనేవాళ్లు కాగితాలతో పాటు, ఆ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో చుట్టుపక్కల వాళ్లను అడిగి మరీ అడ్వాన్సు ఇవ్వండి.