హ్యాండ్‌బ్రేక్ దించితేనే వెలిగే లైటు

అమెరికాలో డ్రైవ్-ఇన్ థియేటర్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. మైదానంలో కారు ఆపుకుని, ఎఫ్‌ఎం రేడియోలో మాటలు వింటూ, ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద సినిమా చూస్తారు. మధ్యలో ఏసీ కోసం ఎవరో ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. లైట్ల స్విచ్ ముట్టుకోకపోయినా ముందు లైట్లు వెలుగుతాయి, చుట్టుపక్కల కార్లలోంచి గొణుగుడు మొదలవుతుంది. అలవాటున్నవాళ్లు మాత్రం ముందు హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆ తర్వాతే తాళం తిప్పుతారు. చాలా కార్లలో అప్పుడు లైట్లు వెలగవు.

బ్రేకుకీ లైటుకీ ఏమిటీ చుట్టరికం?

ఉత్తరాది చలిదేశాల్లో సూర్యుడు కిందికే ఉంటాడు, మసక వెలుతురు చాలాసేపు ఉంటుంది. అందుకే పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలని స్వీడన్ 1977లో నిబంధన పెట్టింది. కెనడా అయితే 1989 డిసెంబరు 1 నుంచి తయారయ్యే కొత్త కార్లలో ఆ పని కారే చేయాలంది. ఇలా స్విచ్ ముట్టుకోకుండానే వెలిగేవే పగటి లైట్లు. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు ఇలాంటి నియమమే వచ్చింది. పట్టపగలు ఎదురొచ్చేవాళ్లు గుప్పిట మూసి తెరిచి 'లైటు వెలుగుతోంది' అని సైగ చేసిన రోజులు గుర్తున్నాయిగా!

ఇంజిన్ తిరుగుతోంది, బండి కదలడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగిందా, ఇంటి ముందు మంచు కరిగేదాకా వేడెక్కుతోందా? మొదటిదైతే లైటు ఉండాలి, రెండోదైతే అక్కర్లేదు. వేగం చెప్పే సెన్సరుకు రెండూ సున్నాయే. తేడా పట్టించగలిగింది హ్యాండ్‌బ్రేక్. అది లాగాడంటే డ్రైవరు ఇప్పట్లో కదలడు. అందుకే చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లోనూ, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉన్నా, ఆటోమేటిక్ గేరు 'పార్క్'లో ఉన్నా పగటి లైట్లు ఆరి ఉండొచ్చని రాశారు. బైకుకు మామూలుగా ఆ రెండూ ఉండవు, ఇంజిన్ తిరిగినంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది.

చీకటి పడ్డాక వేసే ఆటోమేటిక్ హెడ్‌లైట్ల సంగతి వేరు. అద్దం వెనకో డ్యాష్‌బోర్డు మీదో ఉన్న సెన్సరు వెలుతురును కొలుస్తుంది. జపాన్‌లో 2020 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త మోడల్ కార్లలో వెలుతురు 1,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) కంటే తగ్గితే లైట్లు వాటంతటవే రావాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. నడుస్తున్నప్పుడు ఆ లైట్లు ఆపేయడానికి వీల్లేదు, ఆగినప్పుడు మాత్రం ఆపుకోవచ్చు.

పాత కార్లలో ఏర్పాటు చాలా సులువు. హ్యాండ్‌బ్రేక్ లివరు కింద చిన్న స్విచ్ ఉంటుంది. లివరు ఒక్క పన్ను, అంటే ఒక్క 'టక్' అంత లేచినా డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. పగటి లైట్లను నడిపే పెట్టె అదే తీగను చూసి లైట్లు వేయకుండా ఊరుకుంటుంది. ఎలక్ట్రానిక్ బ్రేకున్న కొత్త కార్లలో ఈ కబురు కంప్యూటర్ల మధ్య సందేశంగా వెళ్తుంది.

ఈ గుట్టు తెలిసి కొందరు అతితెలివికి పోతారు. పగటి లైట్లు నచ్చక, లివరును ఒక్క పన్ను లేపి అలాగే నడిపేస్తారు. వెనక బ్రేకులు రాసుకుని వేడెక్కే ప్రమాదం ఎలాగూ ఉంది. నాకు అంతకంటే భయమేసేది ఇంకోటి: చాలా కార్లలో బ్రేకు ఆయిల్ తగ్గిందని చెప్పేదీ ఆ ఎర్ర లైటే. అది ముందే వెలుగుతుంటే, నిజంగా ఆయిల్ కారిపోయిన రోజున కొత్తగా వెలగడానికి ఇంకేం మిగిలుంటుంది?