రైలు చప్పుడు చెరపని రికార్డు

1941 వేసవిలో, మిసిసిపీ రాష్ట్రంలోని లేక్ కార్మొరెంట్ అనే చిన్న ఊళ్లో, ఒక కిరాణా కొట్టులో కూర్చుని సన్ హౌస్ అనే గాయకుడు బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాట, పాడుతున్నాడు. ఆ చుట్టుపక్కల కరెంటున్న చోటని ఆ కొట్టును ఎంచుకున్నారు. పక్కనే రైలు పట్టాలు. పాట సగంలో ఉండగా రైలొచ్చింది. పాడేవాడు ఆపలేదు, రికార్డు చేసేవాళ్లూ ఆపలేదు. ఎనభై ఏళ్లు దాటినా ఆ రైలు ఆ పాటలోంచి పోతూనే ఉంది. స్టూడియోలో అయితే ఆ రికార్డింగు పనికిరాదని పక్కన పడేసేవారు. బ్లూస్ పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఆ రైలు ఎప్పుడొస్తుందా అని చెవి ఒగ్గి వింటారు.

ఇవాళ వంటింట్లో కుర్చీ వేసుకుని, ఫోనును డబ్బాకు ఆనించి, పాత పల్లె బ్లూస్ వాయించి నెట్‌లో పెట్టేవాళ్లకు లెక్కలేదు. చక్కగా మిక్స్ చేసిన ఆల్బం ఉండగా, కుక్క మొరుగుడు కూడా వినిపించే వీడియో కోసం వెతుక్కునే శ్రోతలున్నారు. ఈ రుచి ఎక్కడిదో తెలియాలంటే ముందు దుకాణం సంగతి చూడాలి.

అమెరికాలో నల్లజాతి శ్రోతల కోసం బ్లూస్ రికార్డులు అమ్మితే డబ్బొస్తుందని కంపెనీలకు తెలిసింది 1920లో, మేమీ స్మిత్ పాటతో. అది పట్నం బ్యాండు బ్లూస్. ఒక్కడే గిటారు పట్టుకుని పాడే పల్లె బ్లూస్‌కు గిరాకీ వచ్చింది 1926లో, టెక్సస్ అంధ గాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్ రికార్డులతో. వాటిని వేసిన పారమౌంట్ ఒక కుర్చీల కంపెనీకి అనుబంధం. విస్కాన్సిన్‌లో ఆ కంపెనీ గ్రామఫోను పెట్టెలు కూడా చేసేది. పెట్టెలు కొన్నవాళ్లకు వేసుకోడానికి ఏదో ఒకటి కావాలిగా, అందుకని రికార్డులు! సరుకు నాసిరకం, గరగర ఎక్కువ. చార్లీ పాటన్, సన్ హౌస్ లాంటివాళ్ల గొంతులు మనదాకా వచ్చింది ఆ గరగర వెనకనుంచే. పైగా నిమిషానికి 78 సార్లు తిరిగే ఆనాటి రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాలే. పొలం గట్టున, శనివారం రాత్రి తాగుడు పాకలో పావుగంట సాగే పాటను ఆ మూడు నిమిషాల్లో కుక్కాలి. ఆర్థిక మాంద్యం వచ్చి కొనేవాళ్లు పోయాక పారమౌంట్ లాంటి కంపెనీలూ మూతపడ్డాయి, పాడేవాళ్లు మళ్లీ పత్తి చేలలోకి పోయారు.

అమ్మడానికి కాకుండా దాచడానికి రికార్డు చేసే పని వేరే దారిలో మొదలైంది. 1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలాన్ అమెరికా పార్లమెంటు గ్రంథాలయం తరఫున బయల్దేరారు. ఫోర్డు కారు డిక్కీలో డిస్కు మీద గాడి కోసి పాట ఎక్కించే యంత్రం, బరువు 315 పౌండ్లు, అంటే దాదాపు 143 కిలోలు. లూసియానాలో అంగోలా జైలుకెళ్లి లెడ్‌బెల్లీ అనే ఖైదీ పాటలు పట్టుకున్నది ఆ యాత్రలోనే. గాయకుడు స్టూడియోకు పోవడం కాదు, యంత్రమే గాయకుడి దగ్గరికి రావడం. ఇంటి రికార్డింగు కథంతా ఈ చిన్న మార్పులోంచి పుట్టింది.

1941లో అలాన్ లోమాక్స్, ఫిస్క్ విశ్వవిద్యాలయానికి చెందిన నల్లజాతి సంగీత పండితుడు జాన్ వర్క్‌తో కలిసి మిసిసిపీ డెల్టాకు వెళ్లాడు. లోమాక్స్ మనసు బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ మీద ఉంది. జాన్సన్ పోయి అప్పటికే మూడేళ్లు. ఆ వెతుకులాట స్టోవల్ తోటలో ట్రాక్టరు నడిపే ఒక కుర్రాడి గుమ్మం దగ్గర తేలింది. పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్, ఊళ్లో పిలుపు మడ్డీ వాటర్స్. దొంగసారా అమ్మే మడ్డీ, తెల్లవాడు వచ్చాడనగానే సారా కేసు పెట్టే అధికారేమోనని జంకాడు. మడ్డీ తాగిన కప్పుతోనే లోమాక్స్ నీళ్లు తాగేసరికి ఆ రోజుల మిసిసిపీలో అది ఊహించరాని సంగతై బెదురు సగం తగ్గింది. ఆ ఇంట్లోనే యంత్రం పెట్టి రికార్డు చేశారు. తన గొంతు తనకే వినిపిస్తే, దుకాణంలో అమ్మే రికార్డులకు తానేమీ తీసిపోలేదని మొదటిసారి తెలిసింది. తరవాత రెండు డిస్కులు, ఇరవై డాలర్లు పోస్టులో వచ్చాయి. 1943లో షికాగో రైలెక్కాడు. అక్కడి సందడిలో మామూలు గిటారు వినపడక ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకున్నాడు. మిగతాది లోకానికి తెలుసు.

యుద్ధం తరవాత టేపు వచ్చింది. ఏడంగుళాల చుట్టకు 1,200 అడుగుల టేపు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిప్పితే అరగంట పైమాటే. గడియారం పెట్టిన సంకెల తెగిపోయింది. మనిషి ఆగవచ్చు, తీగ సరిచేసుకోవచ్చు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పవచ్చు. మిగతా సంగతులెన్ని చెప్పినా, నా లెక్కలో ఇంటి రికార్డింగుల గుట్టు ఇదే. చాలామంది చెప్పే 'పల్లె స్వచ్ఛత' కాదు, తీరిక.

వాషింగ్టన్‌లో సంగీతకారులైన సీగర్ కుటుంబం ఇంట్లో పనిచేసే ఎలిజబెత్ కాటన్‌ను 1957-58లో మైక్ సీగర్ ఆమె ఇంట్లోనే టేపు చేశాడు, మనవలూ మనవరాళ్లూ చుట్టూ ఉండగా. ఎడమచేతి వాటం మనిషి; కుడిచేతి గిటారును తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకుని, బొటనవేలితో రాగం, మిగతా వేళ్లతో మంద్రం వాయించేది. టెక్సస్‌లో నవసోటా ఊరి కౌలు రైతు మాన్స్ లిప్స్‌కోంబ్‌కు అరవై అయిదేళ్లొచ్చేదాకా రికార్డన్నదే లేదు. 1960లో క్రిస్ స్ట్రాక్విట్జ్ ఆయన ఇంటికెళ్లి రికార్డు చేసి, దాన్నే తన ఆర్హూలీ రికార్డు కంపెనీకి మొదటి ఎల్పీగా వేశాడు. అచ్చు వేసినవి 250 కాపీలే.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది మాత్రం 1959 సెప్టెంబరులో మిసిసిపీలోని కోమోలో జరిగిన పాట. పగలంతా పత్తి తీసి, సాయంత్రం గిటారుతో వచ్చాడు ఫ్రెడ్ మెక్‌డోవెల్. వేలికి సీసా మెడ తొడుక్కుని తీగల మీద జార్చే వాద్యం అది. మన గోటువాద్యం విన్న చెవికి ఆ జారుడు కొత్తగా ఉండదు. పక్కన ఫానీ డేవిస్ అనే ఆవిడ దువ్వెనకు కాగితం అడ్డుపెట్టి ఊదింది. చిన్నప్పుడు మనమూ ఊదినవాళ్లమే; అది గంభీరమైన సంగీతంలో ఒదుగుతుందని నేను నమ్మింది ఆ టేపు విన్నాకనే. రికార్డు చేసిన అలాన్ లోమాక్స్ చేతిలో అప్పటికి స్టీరియో యంత్రం ఉంది కాబట్టి ఇంటి రికార్డంటే నాసి రికార్డన్న మాట ఇక్కడ చెల్లదు.

అయితే ఆ ఇంట్లో గాయకుడు ఒక్కడే లేడు, మైకు పట్టుకున్నవాడూ ఉన్నాడు. ఏం వినాలో అతనికి ముందే ఒక ఊహ ఉంది. 1959 జనవరిలో హ్యూస్టన్‌లో బ్లూస్ పరిశోధకుడు శామ్యూల్ చార్టర్స్ ఒక్క మైకుతో గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్‌ను ఆయన గదిలో రికార్డు చేశాడు. అపురూపమైన రికార్డే. కానీ హాప్కిన్స్ అప్పటికే ఎలక్ట్రిక్ గిటారుతో బోలెడు రికార్డులు చేసి ఉన్నవాడు. చార్టర్స్‌కు కావలసిన పాత పల్లె పాట అందులో లేదు కనక కరెంటు అక్కర్లేని అకూస్టిక్ గిటారు చేతికిచ్చి పాడించాడు. అంతకుముందు 1940లో అట్లాంటా హోటలు గదిలో బ్లైండ్ విల్లీ మెక్‌టెల్‌ను జాన్ లోమాక్స్ రికార్డు చేసినప్పటి సంభాషణ వింటే ఇబ్బందిగా ఉంటుంది. తెల్లవాళ్ల మీద ఫిర్యాదు పాటలు ఉన్నాయా అని లోమాక్స్ తరచి తరచి అడుగుతాడు. మెక్‌టెల్ తప్పించుకుంటాడు. ఎందుకలా అసౌకర్యంగా కదులుతున్నావంటే, రాత్రి కారు ప్రమాదం జరిగిందంటాడు. తెల్లవాడి గదిలో కూర్చున్న నల్ల గాయకుడికి అంతకన్నా మర్యాదైన అబద్ధం దొరకదేమో, నిజమే చెప్పాడేమో కూడా.

డబ్బు సంగతి ఇంకో చేదు. కాటన్ చిన్నప్పుడు కట్టుకున్న రైలు పాటను ఇంగ్లండులో ఎవరో తమదిగా రాయించుకుని 1957లో హిట్ చేసుకున్నారు. ఆమె పేరు చేరడానికి కొట్లాడాల్సి వచ్చింది. మెక్‌డోవెల్‌కు కొంత మేలు జరిగింది. ఆయన పాడిన పాటను 1971లో ఇంగ్లండు రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ తమ ఆల్బంలో పెట్టుకుంటే, స్ట్రాక్విట్జ్ వెంటపడి రాయల్టీ రాబట్టాడు. మరుసటి ఏడే మెక్‌డోవెల్ కన్నుమూశాడు. పల్లె గొంతుకు ప్రతీకగా నిలబెట్టిన ఆ మెక్‌డోవెల్ కూడా 1969కల్లా ఎలక్ట్రిక్ గిటారుతో ఆల్బం చేసినవాడే.

మడ్డీ వాటర్స్ సంగతి మరీ వింత. 1958లో ఎలక్ట్రిక్ గిటారుతో ఇంగ్లండు వెళ్తే, పల్లె పాట వినాలని వచ్చినవాళ్లు ఆ హోరుకు మొహం చిట్లించారు. ఆ మాట మనసులో పెట్టుకుని మరోసారి అకూస్టిక్ గిటారుతో వెళ్తే, కొత్త తరం కుర్రాళ్లు ఎలక్ట్రిక్ ఏదని అడిగారు. జానపద మోజు పెరిగిందని 1963లో షికాగో స్టూడియోలో ఆయనతో అకూస్టిక్ ఆల్బం చేయించారు, యువ గిటారిస్టు బడ్డీ గైని పక్కన కూర్చోబెట్టి. ఒకప్పుడు ఇంట్లో ఊరికే పట్టుకున్న వాతావరణాన్ని స్టూడియోలో డబ్బు పెట్టి తయారు చేశారన్నమాట.

స్టోవల్‌లోని ఆ చెక్క ఇల్లు ఇప్పుడు క్లార్క్స్‌డేల్‌లోని డెల్టా బ్లూస్ మ్యూజియంలో ఉంది. 1980లలో జీజీ టాప్ బ్యాండు గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ దాని దూలాల్లోంచి ఒక చెక్క తీసుకెళ్లి గిటారు చేయించాడు. ఎలక్ట్రిక్ గిటారు.