ఎముక తెల్లగా ఎందుకు కనిపిస్తుంది?

ఎక్స్‌రే తీయించుకున్న తరువాత ఆ కిరణాలు ఒంట్లో ఎన్నాళ్లు ఉంటాయని ఒక పాఠకురాలు అడిగారు. క్షణం కూడా ఉండవు. దీపం ఆర్పిన గదిలో వెలుగు మిగలనట్టే, కిరణాలను పుట్టించే గొట్టానికి విద్యుత్తు ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి. బాలింత బిడ్డకు పాలివ్వడానికి వెనుకాడనక్కరలేదు.

ఆ చిత్రం కూడా దీపానికి అడ్డంగా చేయి పెడితే గోడమీద పడే నీడ వంటిదే, కాకపోతే ఇక్కడ కిరణాలు చేరిన చోటు నల్లబడి, చేరని చోటు తెల్లగా మిగులుతుంది. ఎముక గట్టిది కనుక కిరణాలను ఆపుతుందని బడిలో చెప్పేస్తుంటారు గాని, గట్టిదనానికి ఇందులో పాత్ర లేదు. సాంద్రత కొంత కారణమైతే, అసలు కారణం కాల్షియం. పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్ (కిరణంలోని ఒక శక్తి కణం) శక్తినంతా గ్రహించి బయటికి ఎగిరిపోవడాన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటారు. సమాన ద్రవ్యరాశికి లెక్కిస్తే ఇది దాదాపుగా పరమాణు సంఖ్య (పరమాణువులోని ప్రోటాన్ల సంఖ్య) ఘనాన్ని బట్టి పెరుగుతూ, ఫోటాన్ శక్తి ఘనాన్ని బట్టి తగ్గుతుంది. కండలో ఎక్కువగా ఉండే ఆక్సిజన్ సంఖ్య 8, ఎముకలోని కాల్షియంది 20; రెండున్నర రెట్ల ఈ తేడాను ఘనం చేస్తే పదిహేను రెట్లు దాటుతుంది! పేగుల పరీక్షకు తాగించే బేరియం సంఖ్య 56. ఛాతీకి 120 కిలోవోల్టుల దాకా వాడటం ఫోటాన్ శక్తి పెంచి ఈ ఫలితాన్ని తగ్గించడానికే: పక్కటెముకలు పలచబడి వాటి వెనుక ఊపిరితిత్తులు బయటపడతాయి.

నీడకు దూరంతో పని ఉంది. గుండె ముందువైపుకు ఉంటుంది కాబట్టి రొమ్మును చిత్రం పడే ప్లేటుకు ఆనించి నిలబెడతారు. వీపు ఆనించి తీస్తే గుండె ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. నిండా గాలి పీల్చి బిగబట్టమనేది ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి, నీడ చెదరకుండా ఉండటానికి. ఎముకలోని సన్నని పగులు కిరణాలు దాని వెంబడి సాగినప్పుడే గీతగా కనిపిస్తుంది, అడ్డంగా తగిలితే కనిపించకపోవచ్చు. అందుకే ఒకే మణికట్టును రెండు కోణాల్లో తీస్తారు. దాన్ని అదనపు ఖర్చుగా భావించి విసుక్కోకూడదు.

ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి అందే కిరణాల మోతాదు 0.1 మిల్లీసీవర్టు (ఆ మోతాదును కొలిచే ప్రమాణం), తరచుగా అంతకన్నా తక్కువే. ప్రకృతి నుంచి ఏటా మనిషికి అందేది ప్రపంచ సగటున 2.4. పొట్ట సీటీ స్కాన్ మాత్రం 10 దాకా ఇవ్వగలదు. ఎక్స్‌రేకు జంకేవారే తృప్తి కోసం సీటీ అడగడం విచిత్రం. అవసరమైనప్పుడు అదీ తప్పదు, అయితే గర్భమేమోనన్న అనుమానం ఉంటే గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. పాత చిత్రాలు వెంట ఉంటే, కొత్తది కావాలో వద్దో వైద్యులు వాటిని చూసి నిర్ణయించగలుగుతారు.