రాజుగారి చార్టర్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకి చరిత్ర చెబుతాను. అమెరికాలో తొలి ఇంగ్లిష్ వలసల పాఠం రాగానే జవాబు పత్రాల్లో ఏటా కనిపించే వాక్యం ఒకటుంది: "రాజు చార్టర్ ఇచ్చి వలసలు స్థాపించాడు." చార్టర్ అంటే రాజు రాసిచ్చే అనుమతి పత్రం. మార్కులు వేస్తాను గానీ మనసొప్పదు; ఆ ఒక్క వాక్యం వెనక ఇన్ని అపోహలున్నాయి.

అపోహ: ఖర్చంతా రాజుదే.
వాస్తవం: 1606లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్, వలసలు పెట్టడానికి పుట్టిన వర్జీనియా కంపెనీకి ఇచ్చింది అనుమతి మాత్రమే. ఓడలు, తిండి, మనుషులు వాటాదారుల డబ్బుతోనే. 1609లో ఒక్కో వాటా 12 పౌండ్ల 10 షిల్లింగులు. బంగారం, వెండి దొరికితే మాత్రం ఐదో వంతు రాజుకి కట్టాలి! సొమ్మొకడిది, సోకొకడిది.

అపోహ: రాజు తన భూమే ఇచ్చాడు.
వాస్తవం: క్రైస్తవ రాజుల చేతిలో లేని నేల అయితే చాలు, ఇచ్చేయవచ్చని చార్టర్ ధోరణి. కంపెనీ వర్జీనియాలో పెట్టిన జేమ్స్‌టౌన్ చుట్టూ స్థానికులైన పౌహటన్ ప్రజలు ఊళ్లు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటున్నారు. వాళ్లనెవరూ అడగలేదు. నాకు భలే నచ్చేది ఇంకోటి: చట్టం లెక్కలో వర్జీనియా నేల, లండన్ పక్కనున్న ఈస్ట్ గ్రీనిచ్ అనే రాజుగారి ఎస్టేటు కింది భూమి! 1668లో బొంబాయిని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడూ అదే మాట రాశారు, ఏడాదికి 10 పౌండ్ల కౌలుకి. అమెరికాలోనే మరో వలస మేరీలాండ్‌కైతే కౌలు ఏటా రెండు బాణాలు.

అపోహ: ప్రతి వలసకీ చార్టర్ ఉంది.
వాస్తవం: లేదు. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవాళ్లు పెట్టిన ప్లిమత్ వలసకి రాజు చార్టర్ ఎన్నడూ దొరకలేదు. చివరికి 1691లో మసాచుసెట్స్‌లో కలిపేశారు.

అపోహ: చార్టర్ అంటే పగ్గాలు లండన్ చేతిలోనే.
వాస్తవం: 1629 నాటి మసాచుసెట్స్ బే కంపెనీ చార్టర్ చూడండి. తోలు మీద రాసి, మైనం ముద్ర వేలాడదీసిన పత్రం. అందులో కంపెనీ సమావేశాలు ఎక్కడ జరగాలో రాయలేదు. ఆ ఒక్క సందు చాలు. 1630లో కంపెనీ గవర్నర్ జాన్ విన్‌త్రాప్ బృందం ఆ పత్రాన్నే ఓడెక్కించి సముద్రం దాటించింది. వాటాదారుల మీటింగు కాస్తా ప్రభుత్వమైపోయింది. పత్రం తిరిగి పంపమని లండన్ అడిగితే ఏదో ఒక వంక చెప్పి దాటేశారు. 1684లో కోర్టు రద్దు చేసేదాకా పాలన దాని పేరు మీదే సాగింది.